ఫారంలో సర్‌నేమ్, గివెన్ నేమ్, లాస్ట్ నేమ్: మన పేరులో ఏది ఎక్కడ రాయాలి?

ప్రశ్న: టెన్త్ మెమోలో మా అబ్బాయి పేరు కొత్తపల్లి వెంకట సాయి కిరణ్ అని ఉంది. పాస్‌పోర్టు ఫారంలో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు గడులున్నాయి. సర్‌నేమ్ తప్పనిసరి కాదు, పేరంతా గివెన్ నేమ్‌లో వేసేస్తే సరిపోతుందని నెట్ సెంటర్ అతను అంటున్నాడు. నిజమేనా?

జవాబు: వద్దండీ, ఆ గడి ఖాళీగా వదలొద్దు. సర్‌నేమ్‌లో కొత్తపల్లి, గివెన్ నేమ్‌లో వెంకట సాయి కిరణ్ అని రాయండి. ఖాళీగా వదిలినా పాస్‌పోర్టు వచ్చేస్తుంది, అందుకే నెట్ సెంటర్లలో అలా చెప్తుంటారు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది.

సర్‌నేమ్ లేని పాస్‌పోర్టుతో అమెరికా వీసాకు వెళ్తే పేరు మొత్తం సర్‌నేమ్ వైపుకి పోతుంది. గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడికెళ్లాక యూనివర్సిటీ రికార్డు నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా చాలామందికి అదే పేరుగా పాకుతుంది. దుబాయ్ సంగతి ఇంకో రకం. ఒక గడిలో ఒకే మాట ఉండి రెండోది ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరు 21 నుంచి నిబంధన పెట్టింది. మీ అబ్బాయి పేరు పొడుగే కాబట్టి ఇది తగలదు గానీ, ఒంటి మాట పేరున్న పిల్లలుంటే గుర్తుంచుకోండి.

ఈ రెండు గడులకు అంత పట్టింపు ఎందుకంటే, పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున మెషీన్ చదివే వరుసలు రెండుంటాయి, ఒక్కోదానిలో 44 స్థానాలు. పై వరుసలో మొదటి అయిదూ పత్రం రకానికి, దేశం కోడ్‌కి పోగా మిగిలిన 39లో ముందు సర్‌నేమ్, తర్వాత రెండు బాణం గుర్తులు, ఆపైన గివెన్ నేమ్ వస్తాయి. ఎయిర్‌పోర్టులో మెషీన్ పేరు చదివేది ఈ వరుసలోనే. ఇంటిపేరు ఎక్కడ ఆగిందో, సొంత పేరు ఎక్కడ మొదలైందో దానికి చెప్పేవి ఆ బాణాలే.

ఇక ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడిగే ఫారాల్లో మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. మన పేరులో ముందుండేది ఇంటిపేరు కదా అని దాన్నే ఫస్ట్ నేమ్‌లో వేస్తారు. ఇంగ్లిష్‌వాళ్ల వరుస మనకు తిరగబడి ఉంటుంది. కాబట్టి వరుస చూడకండి: లాస్ట్ నేమ్, ఫ్యామిలీ నేమ్, సర్‌నేమ్ మూడూ మీ ఇంటిపేరే. ఫస్ట్ నేమ్, గివెన్ నేమ్ అంటే పిల్లాడికి పెట్టిన పేరు. నాదెళ్ల సత్యనారాయణ గారు సత్య నాదెళ్ల అయింది ఈ లెక్కనే. మిడిల్ నేమ్ అడిగితే ఖాళీగా వదిలేసి, వెంకట సాయి కిరణ్ మొత్తం ఫస్ట్ నేమ్‌లోనే ఉంచండి. పాస్‌పోర్టులో మిడిల్ నేమ్ గడే లేదు కాబట్టి అదే దానికి సరిగ్గా సరిపోతుంది. ఆధార్‌లోలా పేరుకు ఒకటే గడి ఉంటే టెన్త్ మెమోలో ఉన్న వరుసే దించండి.

చివర రెడ్డి, రావు, శర్మ ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. అవి ఇంటిపేర్లు కావు. పాములపర్తి వెంకట నరసింహారావు గారిని విదేశీ పత్రికలు మిస్టర్ రావు అని రాసేవి, ఇంటిపేరు పాములపర్తి అయినా. ఒకే ఇంట్లో అన్న రెడ్డిని సర్‌నేమ్ చేసుకుని, తమ్ముడు ఇంటిపేరును చేసుకుంటే, కాగితాల మీద వాళ్లిద్దరూ తోబుట్టువులని ఎవరికీ తోచదు. తండ్రి పాస్‌పోర్టులో ఏది సర్‌నేమ్‌గా ఉందో పిల్లలకూ అదే వేయండి, స్పెల్లింగ్‌తో సహా. కొత్తపల్లిలో 'త్త'ను కొందరు టీహెచ్‌తో, కొందరు రెండు టీలతో రాస్తారు. ఆ ఒక్క అక్షరం తేడా చాలు, వీసా కాగితాలు తిరుగుముఖం పట్టడానికి.

పొడి అక్షరాలు వద్దు. కె. వి. సాయి కిరణ్ అని పాస్‌పోర్టులో గానీ పాన్‌లో గానీ ఒప్పుకోరు, పూర్తిగా విడదీసి రాయాలి. ఆధార్‌లో పొడి అక్షరాలుంటే ముందు దాన్ని మెమో ప్రకారం సరిచేయించి, తర్వాతే పాస్‌పోర్టుకు వెళ్లండి.

ఇప్పటికే సర్‌నేమ్ ఖాళీగా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు రీ-ఇష్యూకు పెట్టుకుని, కారణం కింద వ్యక్తిగత వివరాల మార్పు ఎంచుకోవాలి. పేరులో ఒక్క అక్షరం కూడా మార్చకుండా రెండు గడుల్లోకి విడగొట్టండి చాలు. మెమో, ఆధార్, పాత పాస్‌పోర్టు తీసుకెళ్లండి. ఈ పని వీసాకు, అడ్మిషన్‌కు ముందే చేయించుకోవడం మేలు. ఆ తర్వాతైతే పాత పేరుతో ఉన్న ప్రతి కాగితాన్నీ మళ్లీ మార్పించుకోవాలి.

పాస్‌పోర్టు సేవా కేంద్రంలో 'A' కౌంటర్ దగ్గర స్క్రీన్ మీద వివరాలు చూపించి సరేనా అని అడుగుతారు. ఫొటో ఎలా పడిందో తర్వాత చూసుకోవచ్చు, ముందు సర్‌నేమ్ గడి చదవండి.