ఇల్లు చేరిన తరువాతే ఎక్కువ జాగ్రత్త

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాము. హెరాయిన్‌కు అలవాటుపడిన మా తమ్ముడు చికిత్స ముగించుకొని ఇంటికి వచ్చాడు. మళ్లీ ఆ మత్తుమందు తీసుకొని స్పృహ తప్పితే మేమేమి చేయాలి?
– ఒక అక్క

జవాబు: మీ భయం సహేతుకమేనమ్మా. కొన్ని వారాలు మానిన శరీరానికి పాత మోతాదును తట్టుకొనే శక్తి తగ్గిపోతుంది కనుక, ఒక్కసారి మునుపటంత తీసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. పిలిచినా పలకకపోవడం, శ్వాస మందగించడం, పెదవులు నీలంగా మారడం, కంటిపాపలు సూదిమొనంత కావడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేసి, ఏమి వాడాడో దాచకుండా చెప్పండి. పరువు సంగతి తరువాత చూసుకోవచ్చు. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఆగితే నోటితో శ్వాస అందించండి. ఉప్పునీళ్లు తాగించవద్దు. నాలోక్సోన్ ఇంజెక్షన్ విరుగుడే అయినా దాని ప్రభావం సాధారణంగా 30 నుండి 90 నిమిషాలే ఉంటుంది కాబట్టి, లేచి కూర్చున్నాడని ఆస్పత్రికి వెళ్లడం మానకండి.

ఈ పద్ధతులను ముందుగానే చేసి చూపించమని బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వ్యసన చికిత్సా విభాగంలోని వైద్యులను అడగండి. హెరాయిన్ కోసం తపనను తగ్గించే బుప్రెనార్ఫిన్ వంటి మందు కొనసాగించాలా అన్నదీ అక్కడే తేల్చుకోండి. వ్యసన విముక్తి సహాయానికి 14446, మానసిక ఆసరాకు టెలీ మానస్ 14416 ఉన్నాయి.