రష్యా, ఉక్రెయిన్ రెండూ న్యాయం తమదే అంటున్నాయి. ఎవరి మాట నమ్మాలి?

యుద్ధం మొదలైనప్పుడు నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ నాలుగో ఏడాదిలో ఉన్నాను. ఆ ఊళ్లోని సాల్తివ్కా పేటలో ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. మనం పిన్ని అన్నట్టు ఆవిడను 'త్యోత్యా' అని పిలిచేవాణ్ని. పుట్టి పెరిగిన ఊరు ఖార్కివే, మాట్లాడేది మాత్రం రష్యన్. వాళ్లక్క సరిహద్దుకు అవతల, రష్యాలోని బెల్గొరోద్‌లో ఉంటుంది. రెండూళ్లకీ మధ్య దూరం 80 కిలోమీటర్లు కూడా ఉండదు, గుంటూరు నుంచి ఒంగోలు ఇంకా ఎక్కువ. రెండు పక్షాల వాదనలూ నేను ముందు విన్నది ఆ అక్కాచెల్లెళ్ల నోటే.

అక్క మూడు మాటలు అనేది. నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) మా గడప దాకా వచ్చింది, ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో నాజీలున్నారు, తూర్పు ఉక్రెయిన్‌లోని దొన్‌బాస్‌లో రష్యన్ మాట్లాడే మావాళ్లను చంపుతున్నారు.

మొదటిది కొట్టిపారేసే మాట కాదు. 2008లో బుకారెస్ట్‌లో నాటో, ఉక్రెయిన్ ఎప్పటికైనా సభ్యదేశం అవుతుందని ప్రకటించి, ఎప్పుడో చెప్పకుండా వదిలేసింది. దానివల్ల ఉక్రెయిన్‌కు రక్షణా దక్కలేదు, రష్యాకు అనుమానమూ తీరలేదు. కానీ 2023లో ఫిన్లండ్ నాటోలో చేరింది. రష్యాతో దానికి 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. రష్యా దాని మీదికి యుద్ధానికి వెళ్లలేదే! పైగా 2021 జులైలో పుతిన్ రాసిన వ్యాసం చూడండి. రష్యన్లూ ఉక్రెయినియన్లూ ఒకే జాతి అన్నది అందులో అసలు వాదన. నువ్వు వేరే జాతివే కాదు అన్నాక ఇక సరిహద్దు భద్రత గురించి మాట్లాడేదేముంది?

నాజీల మాటకొస్తే, ఉక్రెయిన్ తరఫున పోరాడే అజోవ్ దళం పుట్టింది అతివాద జాతీయవాదుల్లోంచే, అది దాచక్కర్లేదు. అయితే 2019 పార్లమెంటు ఎన్నికల్లో అలాంటి పార్టీలన్నీ కలిసి పోటీ చేస్తే వచ్చినవి 2 శాతం పైచిలుకు ఓట్లు. అదే ఏడాది జనం 73 శాతం ఓట్లేసి అధ్యక్షుణ్ని చేసిన జెలెన్‌స్కీ యూదుడు, రష్యన్ మాట్లాడుతూ పెరిగినవాడు.

దొన్‌బాస్ కష్టం మాత్రం నిజం. 2014 నుంచి 2021 దాకా అక్కడ ఉక్రెయిన్ సైన్యానికీ రష్యా అండ ఉన్న వేర్పాటువాదులకూ మధ్య జరిగిన పోరులో సైనికులూ పౌరులూ కలిపి 14 వేల మందికి పైగా చనిపోయారు. కానీ ఐక్యరాజ్యసమితి లెక్కలో 2021 మొత్తానికి, రెండువైపులా కలిపి, పోరులో చనిపోయిన పౌరులు 25 మంది. అది ఆపడానికని మొదలుపెట్టిన యుద్ధంలో ఎన్ని వేలమంది పోయారు!

మా త్యోత్యాకు కీవ్ ప్రభుత్వం మీద ప్రేమేమీ ఎక్కువ లేదు. దుకాణాల్లో ముందు ఉక్రెయినియన్‌లోనే పలకరించాలన్న కొత్త నిబంధన మీద తెగ విసుక్కునేది. అయినా 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ నుంచి ఉక్రెయిన్ స్వాతంత్ర్యానికి ఓటేశానని గర్వంగా చెప్పేది. ఖార్కివ్ ప్రాంతంలో అప్పుడు 86 శాతం అవునన్నారు. ఉక్రెయిన్ తన అణ్వాయుధాలు వదులుకుంటే దాని సరిహద్దులను గౌరవిస్తామని 1994లో బుడాపెస్ట్‌లో సంతకం పెట్టినవాళ్లలో రష్యా కూడా ఉందని అక్కకు పదేపదే గుర్తుచేసేది.

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున మొదటి పేలుళ్లు వినిపించాయి. ఇద్దరం సెల్లార్‌లోకి దిగాం. రష్యన్ మాట్లాడేవాళ్లను కాపాడతామన్న సైన్యం, రష్యన్ మాట్లాడే ఊరి మీదే గుళ్లు కురిపించింది. ఆవిడ అక్కకు ఫోన్ చేసి, "ఇళ్ల మీద పడుతున్నాయి" అంది. "మీవాళ్లే వేసుకుంటున్నారు, టీవీలో చెప్పారు" అని జవాబు. త్యోత్యా ఫోన్ పెట్టేసింది. నేను ఎవరి మాట నమ్మాలో అక్కడే తేలిపోయింది, ఎందుకంటే ఆ చప్పుడు ఎటునుంచి వస్తోందో నా చెవులకు తెలుసు.

మార్చి 1న మనదేశపు వైద్య విద్యార్థి ఒకరు ఖార్కివ్‌లో చనిపోయారు. మర్నాడు, నడిచైనా సరే సాయంత్రం ఆరుకల్లా ఊరి శివార్లలోని పిసోచిన్, బబాయ్, బెజ్లుదివ్కాల్లో ఏదో ఒకటి చేరమని మన ఎంబసీ చెప్పింది. పిసోచిన్ దాకా నడిచాను. బయల్దేరేటప్పుడు ఆవిడ నా జేబులో రెండు ఉడికించిన గుడ్లు పెట్టింది.

ఆ తర్వాత అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. 2023 డిసెంబరు 30న బెల్గొరోద్ నడిబొడ్డున ఉక్రెయిన్ వైపు నుంచి వచ్చిన రాకెట్లు పడి పాతికమంది చనిపోయారు. ముందురోజే రష్యా క్షిపణులు ఉక్రెయిన్ నగరాలను చితక్కొట్టాయి. ఎవరు ముందు మొదలుపెట్టారన్న దానిమీద నా అభిప్రాయం మారలేదు, కానీ ఆ పాతికమంది చావుకూ నేను సమర్థన వెతకను. ఆ రాత్రి త్యోత్యా నుంచి ఒక నంబరు వచ్చింది, "బతికుందో లేదో నువ్వు కనుక్కో" అని. గుంటూరు నుంచి చేశాను. అక్కే ఎత్తింది. నేనెవరో చెప్పగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దాని ఇంట్లో కరెంటు ఉందా?" అని అడిగింది.