అమ్మమ్మ పాటలు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పలమనేరు. ఇరవై ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఏ జర్నలిజం ఆఖరి ఏడాది. ఎంబీఏ చెయ్యమంటే కుప్పం వెళ్లి ద్రావిడ విశ్వవిద్యాలయంలో ఎమ్మే జానపదం చదువుతానంటోంది. రెండేళ్లుగా వాళ్ల అమ్మమ్మ పాటలు, కథలు ఫోన్లో రికార్డు చేస్తోంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, దాంతో బతుకుతుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, సూటిగా చెప్పేస్తాను. ఎమ్మే అయిన మర్నాడే జీతం వచ్చే చదువు కాదిది. యూనివర్సిటీల్లో ఈ శాఖలే తక్కువ, ఉన్న పోస్టులూ తొందరగా భర్తీ కావు. అయినా నేను వద్దనను. మీరు మామూలుగా రాసేసిన ఒక మాట నాకు చాలా పెద్దదిగా కనిపించింది: రెండేళ్లుగా రికార్డు చేస్తోంది అన్నారు, అదీ ఎవరూ చెప్పకుండా, మార్కుల కోసం కాకుండా.

అసలు అందులో చదవడానికి ఏముంటుంది అనుకుంటున్నారేమో. ఏడు చేపల కథ మీకూ వచ్చు. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమేటు అడ్డం వచ్చిందని మొదలై, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని చీమ అనేదాకా పోతుంది. ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని సాగే గొలుసు కథలు ప్రపంచమంతా ఉన్నాయి, కథల రకాలకు నంబర్లిచ్చిన అంతర్జాతీయ పట్టికలో 2000వ నంబరు నుంచి వీటికి విడిగా చోటుంది. మీ అమ్మగారు చెప్పే కథలో ఏ మెట్టు మారింది, ఎందుకు మారింది, ఆమె ఎవరి దగ్గర విన్నది అని వెతకడమే ఈ చదువు. తెలుగులో బిరుదురాజు రామరాజుగారు 1950ల్లోనే జానపద గేయాల మీద ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి దారి వేశారు.

ఫీజు కట్టే ముందు మీ అమ్మాయితో ఒక పని చేయించండి. ఆ రికార్డింగుల్లో ఒక గంట తీసుకుని ఉన్నది ఉన్నట్టు రాయమనండి. అమ్మమ్మ ‘వస్తా ఉండాడు’ అంటే ‘వస్తున్నాడు’ అని దిద్దకూడదు, మధ్యలో పాట మరిచిపోయి మళ్లీ అందుకుంటే అదీ రాయాలి, నాట్లప్పుడు పాడేదా, పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు పాడేదా అడిగి పక్కన రాసుకోవాలి. ఆ ఒక్క గంటకు ఒక రోజంతా పడుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు వంద పాటలు పోగేశాడు గానీ ఎవరు పాడారో, ఏ ఊరో రాసుకోలేదు, పరిశోధనకు ఒక్కటీ పనికిరాలేదు. చాలా బాధపడ్డాడు. మీ అమ్మాయి ఈ పని విసుక్కోకుండా పూర్తి చేస్తే ఇక ఆపకండి. నెల తిరిగినా పేజీ దాటకపోతే, పాటల మీద ఇష్టం ఉందిగానీ ఈ పని మీద లేదని ఆమెకే తెలుస్తుంది.

డబ్బు సంగతి. కాలేజీ లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు పెట్టే జాతీయ పరీక్ష యూజీసీ నెట్‌లో జానపద సాహిత్యం ఒక సబ్జెక్టుగా ఉంది. అందులో జేఆర్ఎఫ్ (ఆ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. కష్టమే, అందుకే ఎమ్మే మొదటి ఏడాది నుంచే చదవాలి. బెంగళూరులోనే ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళల పరిశోధనకు గ్రాంట్లు ఇస్తుంది, ప్రథమ్ బుక్స్ తెలుగులో, కన్నడలో పిల్లల పుస్తకాలు వేస్తుంది. మ్యూజియాలు, ఆర్కైవులు, డాక్యుమెంటరీలు తీసేవాళ్లు కూడా ఉన్నారు. వీటిలో చాలావరకు ప్రాజెక్టు పనులే, పర్మనెంట్ అనుకోవద్దు. ఆడియో ఎడిటింగ్, ఆర్కైవుల్లో సామగ్రిని నమోదు చేసే పద్ధతి పక్కన నేర్చుకోమనండి. జర్నలిజం చదివింది కాబట్టి మనుషులతో మాట కలపడం వచ్చే ఉంటుంది, అది సగం పని.

ఇంకొకటుంది, మీరు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. బెంగళూరులో పెరిగిన పిల్ల కాబట్టి ఆమెకు కన్నడం వచ్చే ఉంటుంది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు, అక్కడి ఊళ్లలో ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం, తమిళం వినిపిస్తాయి. రెండు భాషల్లో వినగలిగిన పిల్లకు దొరికే పాటలు ఒక్క భాషే వచ్చినవాళ్లకు దొరకవు. ఆమె కుప్పమే ఎంచుకుందంటే ఇది ఆమెకు తట్టే ఉంటుందని నా నమ్మకం.

సీటు విషయంలో మాత్రం జాగ్రత్త. ద్రావిడ విశ్వవిద్యాలయంలో పీజీ సీట్లు ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఇస్తారు. మీ అమ్మాయి చదువంతా కర్ణాటకలో కాబట్టి స్థానికత లెక్క ఎలా పడుతుందో ముందే కనుక్కోండి. ఏదో ఒక పనిదినం కె.ఆర్.పురంలో రైలెక్కితే బంగారుపేట మీదుగా రెండు గంటలు అటూ ఇటూగా కుప్పంలో దిగుతారు. ఇద్దరూ వెళ్లండి. ఈ ఏడు ఆ కోర్సు నడుస్తోందా, పాఠం చెప్పేవాళ్లు ఎంతమంది, ఊళ్లకు ఎన్ని రోజులు తీసుకెళతారు, ఇంతకుముందు చదివినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు అని అడగండి. మీ అమ్మగారి రికార్డింగు ఒకటి వెంట తీసుకెళ్లండి. అక్కడి మాస్టారు దాన్ని విని ఏం అడుగుతారో చూశాకే ఫీజు గురించి మాట్లాడుకోండి.