తిరుపతి నుంచి దుబాయ్‌కి: పాప ఏడో క్లాసు, బాబు రెండో క్లాసు, ఏ స్కూల్లో వెయ్యాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివినా. ఆయనకి దుబాయ్‌లో ఉద్యోగం వచ్చింది, పాప ఏడో క్లాసు, బాబు రెండో క్లాసు, ఇద్దరూ ఇప్పుడు తిరుపతిలోనే స్టేట్ సిలబస్‌లో చదువుతా ఉన్నారు, అక్కడ సీబీఎస్ఈలో వెయ్యాలా బ్రిటిష్ స్కూలా ఐబీనా (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే సిలబస్), కంపెనీ ఫీజు కొంత ఇస్తుంది, ఎన్నేళ్ళు ఉంటామో తెలీదు, అక్కా చెప్పు అని అడిగినారు. మేము కొన్నేళ్ళు దుబాయ్ ఖుసైస్‌లో ఉండి, పిల్లల చదువు కోసమే మళ్ళీ తిరుపతి వచ్చినాం, మా ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. కాబట్టి నాకు తెలిసింది చెప్తా, కొంచెం పొడుగు అవుతుంది ఓపిగ్గా చదవండి.

అందరూ మీకు ఏ స్కూల్ మంచిది, రేటింగ్ ఎంత, స్విమ్మింగ్ పూల్ ఉందా అని చెప్తారు. నేను మాత్రం ముందు మిమ్మల్నే ఒకటి అడుగుతా: మీ పాప తొమ్మిదో క్లాసుకి వచ్చేటప్పటికి మీరు ఎక్కడ ఉంటారు? దీనికి జవాబు లేకుండా స్కూల్ వెతకొద్దు. ఏడు అయిపోతుంది, అక్కడ ఎనిమిది, ఆ పై ఏడాదే తొమ్మిది. అంటే మీకు ఉండే టైం చాలా తక్కువ.

ఎందుకు తొమ్మిది అంటున్నానంటే, మన ఆంధ్రాలో ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లకి లోకల్, నాన్ లోకల్ అని ఉంది కదా. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్క అది. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకి, మిగతా 15 అన్‌రిజర్వ్‌డ్. లోకల్ కావాలంటే క్వాలిఫయింగ్ ఎగ్జామ్ వరకు వరసగా నాలుగేళ్ళు ఆ ఏరియాలో చదివి ఉండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. మన తిరుపతి, చిత్తూరు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా కిందికి వస్తాయి. పాప తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఇక్కడ చదివితే ఎస్వీయూ లోకల్. పది దాకా దుబాయ్‌లో చదివి ఇంటర్‌కి వచ్చిందంటే లోకల్ పోయినట్టే. అమ్మానాన్న పదేళ్ళు రాష్ట్రంలో ఉండి ఉంటే ఆ 15 శాతంలో మాత్రం పోటీ పడొచ్చు, కానీ ఆ 15కి లోకల్ వాళ్ళు కూడా వస్తారు, అందుకే ర్యాంకు బాగా రావాల. ఎస్వీ మెడికల్ కాలేజీలో స్టేట్ కోటా సీటు మనసులో ఉన్నవాళ్ళు దీన్ని చూసుకోకుండా స్కూల్ ఎంచుకోవడం నాకైతే భయంగానే ఉంటుంది. ఈ సంగతి చాలామందికి కౌన్సెలింగ్ అప్పుడే తెలుస్తుంది, అప్పుడు ఏమీ చేసేదానికి ఉండదు. మేము ఇది తెలిసే పెద్దోడిని తొమ్మిదికి ఇక్కడికి తీసుకొచ్చినాం.

అలా కాకుండా పాప ఇంటర్ దాకా అక్కడే ఉంటుంది అనుకుంటే దాని లెక్క వేరే, దానికీ దారి ఉంది. పదకొండు పన్నెండు విదేశంలో చదివిన పిల్లలకి ఎన్‌ఐటీల్లో డాసా అని ఒక స్కీం ఉంది. ఒకప్పుడు అమెరికా వాళ్ళ శాట్ పరీక్ష స్కోరుతో ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు జేఈఈ మెయిన్ ర్యాంకే చూస్తారు. దాంట్లోనే గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకి విడిగా కొన్ని సీట్లు ఉన్నాయి, వాటికి ఫీజు ఇక్కడి పిల్లలతో సమానంగా ఉంటుంది. మన వైపు నుంచి కువైట్, దుబాయ్ పోయిన వాళ్ళు ఎంత మంది ఉన్నారో మీకు తెలుసు, వాళ్ళలో ఈ సీట్ల సంగతి తెలిసిన వాళ్ళు నాకు చాలా తక్కువ మంది కనపడినారు. అందుకే గట్టిగా చెప్తున్నా, రాసి పెట్టుకోండి.

ఇప్పుడు సిలబస్ సంగతి. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఎన్నేళ్ళు ఉంటారో తెలీదు అన్నారు కాబట్టి పాపకి సీబీఎస్ఈనే. బాబుకి కూడా అదే, కాకపోతే వాడి విషయంలో అంత పట్టుదల అక్కర్లేదు, చిన్నోడు కాబట్టి ఎందులో వేసినా ఎనిమిది లోపల ఎప్పుడు మార్చినా సర్దుకుంటాడు.

సీబీఎస్ఈలో తొమ్మిది-పది ఒక జత, పదకొండు-పన్నెండు ఒక జత. తొమ్మిదిలో, పదకొండులో బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది, ఆ తర్వాత వేరే బోర్డు నుంచి నేరుగా పదికో పన్నెండుకో రావడం చాలా కష్టం. బ్రిటిష్ స్కూళ్ళలో ఇయర్ 10, ఇయర్ 11 కలిపి ఐజీసీఎస్ఈ, మన పదో క్లాసు లాంటి రెండేళ్ళ కోర్సు. వాళ్ళ ఇయర్ నంబర్ మన క్లాసు కన్నా ఒకటి ఎక్కువ ఉంటుంది, మన ఎనిమిది వాళ్ళకి ఇయర్ 9, ఇది చూసి పాపని ఒక క్లాసు పైకి వేసినారు అనుకోవద్దు, వయసు ప్రకారం అదే క్లాసు. మా కింది ఫ్లోర్‌లో చిత్తూరు వాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళ అమ్మాయి ఇయర్ 10 అయిపోయిన టైంలో ఆయన ఉద్యోగం పోయింది, ఉన్నఫళంగా ఊరికి రావాల్సొచ్చింది. ఐజీసీఎస్ఈ సగంలో ఉంది, చేతిలో సర్టిఫికెట్ ఏదీ లేదు, ఇక్కడ పదిలో ఎవరూ తీసుకోలేదు, మళ్ళీ తొమ్మిదిలో కూర్చుంది ఆ బిడ్డ. బాగా చదివే పిల్ల, ఒక ఏడాది అట్ల పోయింది. ఆ అమ్మ ఫోన్‌లో ఏడ్చింది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. గల్ఫ్ ఉద్యోగం అంటే వీసా కంపెనీ చేతిలో ఉంటుంది, మన చేతిలో లేదు. అందుకే సగంలో తెగిపోయే కోర్సులో పిల్లని పెట్టేముందు పదిసార్లు ఆలోచించండి.

బ్రిటిష్, ఐబీ చెడ్డవని కాదు. నేను చూసిన ఐబీ పిల్లలు నలుగురిలో నిలబడి మాట్లాడే తీరు, సొంతంగా వెతికి రాసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది, మన పిల్లలకి ఇది ఎందుకు లేదు అనిపిస్తుంది. డిగ్రీకి యూకేకో కెనడాకో పంపుతాము, కంపెనీ పన్నెండు దాకా మొత్తం ఫీజు ఇస్తుంది అంటే సంతోషంగా వెయ్యండి. కానీ పెద్ద పేరున్న ఐబీ స్కూళ్ళలో పై క్లాసుల ఫీజు ఏడాదికి లక్ష దిర్హామ్‌లు కూడా దాటుతుంది, ఒక్క బిడ్డకి. ఇంకొకటి, డాక్టర్ చేయాలి అనుకుంటే ఐబీ డిప్లొమాలో జాగ్రత్త. దాంట్లో ఆరు సబ్జెక్టులు, మామూలు పద్ధతిలో అయితే రెండు సైన్సులే తీసుకునేదానికి కుదురుతుంది. నీట్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ ఉండాలి, ఇంగ్లీషు కూడా. మూడు సైన్సులు కావాలంటే స్కూల్ ప్రత్యేకంగా ఐబీ వాళ్ళ పర్మిషన్ తీసుకోవాలి. అడ్మిషన్ డెస్క్ దగ్గర ఇది వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మీరే అడగాలి. ఐజీసీఎస్ఈ తర్వాత బ్రిటిష్ స్కూళ్ళలో ఉండే ఎ-లెవెల్స్‌లో అయితే మూడు సైన్సులు తీసుకోవచ్చు, ఆ బాధ లేదు. బ్రిటిష్, ఐబీ ఈ రెండిట్లో ఏది చదివినా ఇండియాలో యూనివర్సిటీకి వచ్చేటప్పుడు అది మన పన్నెండుకి సమానమని ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ అడగొచ్చు.

దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్ళన్నిటినీ చూసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ. ఔట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ దాకా ఆరు రేటింగులు ఇస్తారు, రిపోర్టులు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. పైన రేటింగ్ ఒక్కటి చూసి మూసెయ్యొద్దు, లోపల మ్యాథ్స్, సైన్స్, ఇంగ్లీషు ఒక్కోదానికి ప్రైమరీలో ఎట్లుంది, సెకండరీలో ఎట్లుంది అని విడిగా రాసి ఉంటుంది. చిన్న క్లాసుల్లో బాగుండి పెద్ద క్లాసుల్లో తగ్గిపోయే స్కూళ్ళు ఉంటాయి, మీకు కావాల్సింది పాప క్లాసు సంగతి. రిపోర్టు ఏ ఏడాదిదో కూడా చూసుకోండి, 2024-25లో పూర్తి ఇన్‌స్పెక్షన్లు ఆపినారు కాబట్టి పాత రిపోర్టే ఉండొచ్చు. అలాగే ప్రతి స్కూల్‌కి కేహెచ్‌డీఏ ఫీజు ఫ్యాక్ట్‌షీట్ ఉంటుంది, స్కూల్ వాళ్ళు చెప్పేది దాంతో సరిపోల్చండి. బస్సు, పుస్తకాలు, యూనిఫాం వేరే, ఆ మూడూ కలిపినాకే అసలు లెక్క తెలుస్తుంది. కంపెనీ వాళ్ళని కూడా అడగండి, ఎంతమంది పిల్లలకి ఇస్తారు, స్కూల్‌కి నేరుగా కడతారా మనం కట్టి బిల్లు పెట్టాలా అని. మొదటి టర్మ్ ఫీజు చేతి నుంచి పెట్టాల్సొస్తే ఇల్లు అడ్వాన్సు, డిపాజిట్లు అన్నీ అదే నెలలో మీద పడతాయి.

స్కూల్ చూసేదానికి పోయినప్పుడు వాళ్ళు ఆడిటోరియం, పూల్, రోబోటిక్స్ ల్యాబ్ చూపిస్తారు. చూడండి, కానీ మీ పాప చేరబోయే క్లాసులో ఒక పిల్ల మ్యాథ్స్ నోటుబుక్ చూపించమని అడగండి. నేను అట్లే అడిగినా. ఒక చోట పేజీలకి పేజీలు టిక్కు పెట్టి సంతకం చేసినారు, లెక్క మధ్యలో గుర్తు తప్పు పోయింది, దానికీ టిక్కే ఉంది. ఇంకో చోట బిల్డింగ్ పాతది, కానీ నోటుబుక్‌లో పక్కన పెన్సిల్‌తో ఈ స్టెప్ మళ్ళీ చేసి చూపించు అని టీచర్ రాసింది, కిందనే పిల్ల మళ్ళీ చేసింది, దానికి టీచర్ తేదీ వేసి సంతకం పెట్టింది. మేము ఆ రెండోదాంట్లోనే వేసినాం, నాకు ఆ నిర్ణయం మీద ఎప్పుడూ అనుమానం రాలేదు. వీలైతే స్కూల్ వదిలే టైంకి గేటు దగ్గర ఒక అరగంట నిలబడండి, అదీ జూన్‌లో అయితే ఇంకా మంచిది. ఆ ఎండలో పిల్లల్ని బయట వరసలో నిలబెడుతున్నారా నీడలో కూర్చోబెడుతున్నారా, బస్సులో ఏసీ ముందే వేసి ఉందా, బస్సులో ఉండే ఆవిడ పిల్లల్ని పేరుపేరునా లెక్కపెట్టి ఎక్కిస్తోందా చూడండి. బాబు రెండో క్లాసు, వాడికి ఇవన్నీ ముఖ్యం.

దూరం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అద్దె తక్కువని షార్జాలో ఇల్లు తీసుకుని దుబాయ్ స్కూల్లో వేస్తాం అంటారు కొందరు, ఆ రోడ్డు మీద పొద్దున ట్రాఫిక్ చూసినాక ఆ మాట అనరు. ఇంకా చీకటిగా ఉండగానే పిల్లలు బస్సెక్కి, సీట్లోనే నిద్రపోయి, మధ్యాహ్నం మళ్ళీ అదే బస్సులో వాడిపోయి వస్తారు. స్కూల్ ఖాయం చేసుకుని దాని చుట్టుపక్కల ఇల్లు వెతకండి, ముందు ఇల్లు తీసుకోవద్దు.

భాష గురించి మీరు అడగలేదు కానీ పాపకి పెద్ద ఇబ్బంది అక్కడే వస్తుంది. అరబిక్ అందరికీ ఉంటుంది, మన పిల్లలకి కొత్తగా నేర్చుకునేవాళ్ళ లెవెల్‌లో చెప్తారు, దానికి భయపడక్కర్లేదు. సెకండ్ లాంగ్వేజ్‌తోనే కష్టం. అక్కడి ఇండియన్ స్కూళ్ళలో హిందీ, మలయాళం, ఫ్రెంచ్ లాంటివి దొరుకుతాయి, తెలుగు చెప్పే స్కూల్ దొరకడం కష్టం. ఎనిమిదో క్లాసు హిందీ అంటే అక్కడి పిల్లలు ఒకటి నుంచి చదివి వచ్చినవాళ్ళు, మన స్టేట్ సిలబస్ హిందీ దానికి ఆనదు. కాబట్టి ఇప్పటి నుంచే పాపకి హిందీ ట్యూషన్ పెట్టించండి, లేకపోతే ఫ్రెంచ్ మొదటి నుంచి మొదలుపెట్టే గ్రూపు ఉందా అని స్కూల్లో అడగండి. బాబుకి తెలుగు రాయడం చదవడం ఇంట్లో మీరే చెప్పాలి, మనబడి క్లాసులు కూడా ఉంటాయి కనుక్కోండి. రెండో క్లాసులో ఆగిపోతే గుణింతాల దగ్గరే ఆగిపోతాడు, తొమ్మిదికి ఇక్కడికి వచ్చినప్పుడు తెలుగు పేపర్ చూసి బిక్కమొహం వేస్తాడు. మా చిన్నదానికి రోజూ రాత్రి అరపేజీ తెలుగు చదివించేదాన్ని, ఎంత అలిసిపోయినా సరే, ఈ రోజు వాళ్ళ జేజికి తనే ఉత్తరం రాస్తుంది.

ఇండియన్ స్కూళ్ళు అక్కడ ఏప్రిల్‌లో మొదలవుతాయి, బ్రిటిష్ ఐబీ స్కూళ్ళు ఆగస్టు చివర్లో. మన స్టేట్ సిలబస్ జూన్‌లో మొదలు కాబట్టి పాప ఏడో క్లాసు పరీక్షలు ఇక్కడ అయ్యేటప్పటికి అక్కడ ఎనిమిదో క్లాసు పాఠాలు మొదలైపోయి ఉంటాయి. స్కూల్‌కి ముందే మెయిల్ పెట్టి చేరే తేదీ మాట్లాడుకోండి, ఆయన ముందు పోయి మీరు తర్వాత పోయినా పర్లేదు.

చివరగా కాగితాలు, దీనికి ఇప్పుడే కూర్చోండి. టీసీకి స్టాంపులు కావాలి: ఇక్కడి డీఈఓ ఆఫీసులో కౌంటర్ సైన్, తర్వాత విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఆ తర్వాత యూఏఈ ఎంబసీ, అక్కడికి పోయినాక వాళ్ళ విదేశాంగ శాఖ. ఏ క్లాసుకి ఏవి కావాలో స్కూల్ వాళ్ళే లిస్టు పంపిస్తారు, అది రాకముందే ఏజెంట్‌కి డబ్బు కట్టొద్దు. అన్నిటికన్నా ముందు పేరు చూడండి. మన స్కూల్ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, పుట్టిన సర్టిఫికెట్‌లో ఒక్కోసారి అసలు ఇంటిపేరే ఉండదు. మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి, తేడా ఉంటే టీసీ తీసుకోకముందే ఇక్కడి హెడ్మాస్టర్‌తో రికార్డులో సరిచేయించండి, టీసీ చేతికొచ్చినాక, అందులోనూ మీరు దుబాయ్ చేరినాక, అది మార్పించాలంటే ఇక్కడ ఎవరో ఒకరు ఆఫీసుల చుట్టూ తిరగాల్సొస్తుంది.

ఆయన కాంట్రాక్ట్ ఎన్నేళ్ళో, పాప ఇంజనీరింగా మెడిసినా అనేది కింద రాయండి, దాన్ని బట్టి తొమ్మిదికి తీసుకురావాలా అక్కడే ఉంచాలా అనేది ఇంకొంచెం సరిగ్గా చెప్తా.