పెట్రోల్ బంకుల్లో ఫోన్‌తో కట్టడం వచ్చాక సర్వీస్ బాగుపడిందా?

చిల్లర గొడవ తగ్గింది, అంతవరకు ఒప్పుకుంటా. సర్వీస్ మాత్రం పోయింది. తెనాలిలో పాతికేళ్ళుగా బండి నడుపుతున్నా, ఇందులో నాతో వాదించకండి.

మా నాన్న చేతక్ స్కూటర్ రోజుల్లో బంకతను పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ ఎంత పడాలో తనే చూసి పోసేవాడు, గాలి తగ్గిందేమో చూడమంటే చూసేవాడు. చిల్లర లేకపోతే చాక్లెట్లు చేతిలో పెట్టేవాడు, ఆ ఒక్కదానికే మా నాన్నకి మండేది.

సరే, 2016 నవంబర్ సంగతి చెప్తా. 8వ తారీఖు రాత్రి నోట్లు రద్దన్నారు, బంకుల్లో మాత్రం పాత 500 డిసెంబర్ 2 దాకా చెల్లింది, దాంతో ఊరు ఊరంతా బంకుల మీదే పడింది. నా దగ్గరున్నది ఒక్కటే 500 నోటు. గంట లైన్లో నిలబడి దగ్గరికెళ్తే చిల్లర ఇవ్వం, మొత్తానికీ కొట్టించుకోవాల్సిందే అన్నాడు కుర్రాడు. నాది యాక్టివా, ట్యాంకే ఐదు లీటర్ల చిల్లర, అందులో కొంత ముందే ఉంది, లీటరు 70 చిల్లర ఉన్న రోజుల్లో 500కి ఏడు లీటర్లు ఎక్కడ పోయించుకోను? మూతి దాకా పోస్తే 220 అయింది. వెనక హారన్లు, తిట్లు. కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి పాత బిల్లు వెనక "బాకీ 280" అని రాసి సంతకం గీకి ఇచ్చాడు. నా పేరడగలేదు, బండి నంబరూ రాసుకోలేదు. వారం తర్వాత వెళ్తే వేరే కుర్రాడున్నాడు, ఆ చీటీ చూసి 100కి కొట్టి 280 కొట్టేసి 180 రాశాడు. ఇంకోసారి వెళ్తే 80. నోటు చెల్లని రోజుల్లో చీటీ చెల్లిందండీ!

ఆ డిసెంబర్‌లోనే కార్డు గీకితే 0.75 శాతం తగ్గింపన్నారు, అంటే వందకి ముప్పావలా. దానికోసం మెషిన్‌కి సిగ్నల్ దొరికేదాకా దాన్ని ఆకాశం కేసి ఎత్తి పట్టుకుని నిలబడేవాళ్ళు.

ఇప్పుడు చూడండి. పైన "మొబైల్ వాడరాదు" బోర్డు, దాని కిందే క్యూఆర్ స్టిక్కరు. మొన్న 200 కొట్టా, నా అకౌంట్లో కట్ అయింది, సౌండ్ బాక్స్ మాత్రం నోరు విప్పలేదు. మెసేజ్ చూపించినా, పక్కన ఆగండి సార్ అన్నాడు. పది నిమిషాలు గాలి మిషన్ పక్కన దొంగలా నిలబడ్డా. వాడి తప్పు కూడా కాదులెండి, సాయంత్రం లెక్క తగ్గితే వాడి జీతంలోంచే కోస్తారట. అయినా వాడు నా మొహం చూడ్డు, ఆ డబ్బా వంకే చూస్తాడు.

మా మేనల్లుడు అమెరికా ఎడిసన్‌లో ఉంటాడు, అక్కడ న్యూజెర్సీలో మన బండికి మనం కొట్టుకోవడం చట్టం ఒప్పుకోదట, 1949 నుంచి అంతేనట, మనిషే వచ్చి కొట్టాలి. అంత పెద్ద దేశంలోనే మనిషి కావాలంటుంటే మనకేంటండీ తొందర.

గాలి మిషన్ పక్కన నిలబడ్డ ఆ రోజు నుంచి డిక్కీలో ఒక 200 నోటు దాచుకుంటున్నా. నిన్న 100కి కొట్టించి ఆ నోటిస్తే చిల్లర లేదు, ఫోన్‌పే చెయ్యండి సార్ అన్నాడు.