అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పారావు: ఉత్తరాంధ్రలో ఈ పేర్లు ఎందుకింత ఎక్కువ?

మీ తాతగారి పేరు అప్పలస్వామి అని, పుట్టబోయే బిడ్డకు ఆ పేరు కలిపి పెట్టాలని ఉందని, అది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపే ఎందుకు ఎక్కువగా వినిపిస్తుందని అడిగారు. నా పేరు అప్పలనాయుడు. మా ఇంట్లో తరతరాలుగా ఈ పేరు నడుస్తోంది కాబట్టి నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

ఈ పేర్లకు మూలం సింహాచలం. అక్కడ వెలసిన వరాహ లక్ష్మీనరసింహస్వామిని మా ప్రాంతంలో అందరూ సింహాద్రి అప్పన్న అనే పిలుస్తారు. ఆ గుడిలోని శాసనాలలో 1098-99 నాటి కులోత్తుంగ చోళుని కాలపు శాసనం ఉంది. 13వ శతాబ్దంలో తూర్పు గాంగరాజు నరసింహదేవుని కాలంలో ఆలయాన్ని పెద్ద ఎత్తున పునర్నిర్మించారు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సమయంలో వచ్చి స్వామిని సేవించుకున్నాడు. అన్ని వందల ఏళ్లుగా ఒకే కొండను నమ్ముకున్న పల్లెలలో ఆ దేవుడి పేరు గడపగడపకూ చేరడం సహజమే.

అయితే పేరు ఇంతగా వ్యాపించడానికి భక్తి ఒక్కటే కాదు, సంతానం కోసం మొక్కుకునే ఆచారం కూడా ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఆలయంలో కప్పస్తంభం అనే రాతి స్తంభం ఉంది. దాని అడుగున సంతాన వేణుగోపాల యంత్రం ఉందని నమ్మకం. పిల్లలు లేనివారు, పుట్టిన పిల్లలు దక్కనివారు ఆ స్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని మొక్కుకుంటారు. మా నాన్నమ్మ అలాగే మొక్కుకుందట: బిడ్డ దక్కితే స్వామి పేరు పెట్టుకుంటానని, కొండకు తీసుకువచ్చి తలనీలాలు ఇప్పిస్తానని, ఒక కోడెదూడను సమర్పిస్తానని. ఆ తరువాత పుట్టినవాడు మా నాన్న అప్పలస్వామి. మా ఊరిలో పెద్దవాళ్లను అడిగితే ఇంచుమించు ఇదే కథ ఇంటింటా వినిపిస్తుంది.

కులమేదైనా ఈ పేరును అందరూ పెట్టుకోవడం నాకు చాలా ఇష్టమైన విషయం. చివర చేరే మాట మారుతుందే తప్ప మొదటి మాట అందరిదీ ఒక్కటే. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనరసయ్య, వైష్ణవులలో అప్పలాచార్యులు. ఆడవారిలో అప్పలనరసమ్మ, అప్పయ్యమ్మ, అప్పలకొండ. సింహాచలం అనే పేరైతే మగవారికీ ఆడవారికీ పెడతారు. అప్పలసూరి అన్న పేరులో సింహాద్రి అప్పన్నతో పాటు అరసవల్లి సూర్యనారాయణస్వామి కూడా ఉన్నాడు. మా బడిలో హాజరు పిలిచేటప్పుడు అప్పలనాయుళ్లం చాలామందిమి ఉండేవాళ్లం కాబట్టి మాస్టారు ఇంటిపేరుతోనే పిలిచేవారు. ఇంటిపేరు కూడా కలిస్తే పెద్ద అప్పలనాయుడు, చిన్న అప్పలనాయుడు అనేవారు. బహుభాషావేత్త రోణంకి అప్పలస్వామి, తిరుప్పావై ప్రవచనాలతో పేరుపొందిన శ్రీభాష్యం అప్పలాచార్యులు ఈ నేలవారే.

అప్పారావు విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. మా వైపు ఆ పేరు గలవారిలో చాలామంది అప్పన్న పేరిట పెట్టుకున్నవారే అయినా, ఒకప్పటి కృష్ణా జిల్లాలోని నూజివీడు జమీందారుల పేర్లలో వంశపారంపర్యంగా వచ్చిన అప్పారావుకు సింహాచలంతో ముడిపెట్టడం సరికాదు. అందువల్ల ప్రతి అప్పారావునూ ఉత్తరాంధ్ర మనిషి అనుకోకూడదు.

ఈ పేరు సముద్రం కూడా దాటింది. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. అక్కడ తండ్రి పేరే పిల్లలకు ఇంటిపేరుగా స్థిరపడడం మామూలైంది. ఈనాటికీ అక్కడ అప్పల్‌సామి, అప్పల్‌రాజు అనేవి ఇంటిపేర్లుగా కనిపిస్తాయి. తెలుగు మాట్లాడడం మరచిపోయిన కుటుంబాలు కూడా సింహాచలం దేవుడి పేరును మోస్తున్నాయంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

ఇప్పటి పిల్లలలో ఈ పేరు బాగా తగ్గింది. రెండక్షరాల కొత్త పేర్ల మీద మోజు ఒక కారణం; సినిమాలలో ఇలాంటి పేర్లను హాస్యపాత్రలకు తగిలించడం మరొక కారణం. పట్నంలో కాలేజీలో చేరాక తన పేరులోని అప్పలను పొడి అక్షరంగా కుదించుకున్న స్నేహితులు నాకున్నారు. వారిని తప్పుపట్టను గానీ, దాచుకోవలసిన పేరు కాదని మాత్రం గట్టిగా చెబుతాను.

మీరు పెట్టదలచుకుంటే తప్పకుండా పెట్టండి. ఒక్క సూచన: జనన ధ్రువపత్రంలో ఇంగ్లీషు స్పెల్లింగు ఎలా రాయిస్తారో ముందే తేల్చుకోండి. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఒకే మాటగా, ఆధార్‌లో రెండు మాటలుగా పడడంతో పాస్‌పోర్టు సమయంలో అఫిడవిట్ల చుట్టూ తిరగవలసి వచ్చింది. ఒకే మాటగా రాయించి, అన్ని పత్రాలలోనూ అదే ఉండేలా చూసుకుంటే బిడ్డకు ఆ ఇబ్బంది ఉండదు.