లింక్డ్ కోర్సులు తీసుకోవాలా? ముందు 15 క్రెడిట్ల గీత చూసుకోండి

ప్రశ్న: మేం న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో ఉంటాం. ఏడేళ్ల క్రితం గుంటూరు నుంచి వచ్చాం. అందరికీ గ్రీన్ కార్డులు ఉన్నాయి. మావారి జీతం ఏడాదికి 88,000 డాలర్లు. బ్యాంకులో 14,000 దాచుకున్నాం. మా అమ్మాయికి 20 ఏళ్లు. క్యూనీ (సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్) కింద ఉన్న రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ చదువుతోంది. మందుల షాపులో వారానికి 25 గంటలు పనిచేస్తూ సెమిస్టర్‌కు 7 క్రెడిట్ల చొప్పున ఇప్పటికి 14 పూర్తి చేసింది. ఫాల్ సెమిస్టర్‌కు లింక్డ్ కోర్సులు తీసుకోమని అడ్వైజర్ చెబుతున్నారు. మైక్రో ఎకనామిక్స్ 3, ఇంగ్లిష్ 3, ఆ రెండింటినీ కలిపి చర్చించే సెమినార్ 1. మూడింటికీ ఒకే బ్యాచ్. వీటికి 4 క్రెడిట్ల అకౌంటింగ్, ఇంకో 1 క్రెడిట్ కోర్సు కలిపి 12 చేస్తే ఫుల్‌టైమ్ అవుతుందట. అలా చేస్తే పని గంటలు తగ్గించుకోవాలి. మా ఆదాయానికి ఏ సాయమూ రాదనుకుని ఇంతవరకు దేనికీ అప్లై చేయలేదు. మంగళగిరి దగ్గరున్న స్థలం అమ్మేద్దామని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: స్థలం అమ్మొద్దు. ఈ డిగ్రీకి ఇంకా కట్టాల్సిన ట్యూషన్ మొత్తం పదివేల డాలర్ల లోపే. దాని కోసం ఇండియాలో ఆస్తి అమ్మి, అక్కడ పన్ను కట్టి, గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇక్కడి రిటర్నులో కూడా చూపించి, డబ్బు తెప్పించుకునే అవసరం మీకు లేదు. మీ వారికి ఈ మాట ముందుగా చెప్పండి. మనవాళ్లకు పిల్లల చదువు అనగానే పొలమో స్థలమో గుర్తొస్తుంది. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ ఆ అవసరం రాలేదు.

మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన అంకె 14. క్యూనీలో ఏసాప్ అనే కార్యక్రమం ఉంది, 2007లో మొదలైంది. ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే విద్యార్థికి ఇంకా మిగిలిపోయిన ట్యూషన్‌ను మాఫీ చేస్తారు. పుస్తకాలకు, సబ్‌వే-బస్సు ప్రయాణానికి సాయం ఇస్తారు. ప్రతి విద్యార్థికీ ఒక అడ్వైజర్ ఉంటారు, తరచూ కూర్చోబెట్టి మాట్లాడతారు. బదులుగా ఫాల్, స్ప్రింగ్ రెండింటిలోనూ ఫుల్‌టైమ్ చదవాలి. ఇప్పటికే చదువుతున్నవాళ్లు చేరాలంటే పూర్తయిన క్రెడిట్లు 15కి మించకూడదు, జీపీఏ 2.0 ఉండాలి, ఆ కార్యక్రమంలో ఉన్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు) అయి ఉండాలి. మీ అమ్మాయికి 14 ఉన్నాయి. ఈ సమ్మర్‌లో ఖాళీగా ఉన్నాను కదా అని ఒక్క 3 క్రెడిట్ల కోర్సు తీసుకున్నా ఆ తలుపు మూసుకుపోతుంది. ఈ జవాబు చదివిన వారంలోనే ఆమెను కాలేజీలోని ఏసాప్ ఆఫీసుకు పంపండి. లింక్డ్ కోర్సుల సంగతి దాని తర్వాత.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. లింక్డ్ కోర్సుల మీదా ఏసాప్ మీదా ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ లాటరీ పద్ధతిలో విద్యార్థులను రెండు గుంపులుగా విడదీసి అధ్యయనాలు చేసింది. బ్రూక్లిన్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులకు ఇంగ్లిష్, ఒక సబ్జెక్టు, ఒక చిన్న ఓరియంటేషన్ కోర్సు కలిపి ఇచ్చినప్పుడు ఆ సెమిస్టర్‌లో పాసైనవాళ్లు పెరిగారు. ఆరేళ్ల తర్వాత చూసినా కొద్దిపాటి ఫలితం కనిపించింది. అదే కాలేజీలో, మీ అమ్మాయిలా ఇప్పటికే చదువుతున్నవాళ్లకు, మేజర్‌కు కావలసిన రెండు కోర్సులను ఒక సెమినార్‌తో కలిపి ఇచ్చి చూశారు. 2011లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం చదువు ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక ఏసాప్‌లో మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు 40 శాతం, బయట ఉన్నవాళ్లలో 22 శాతం. మొదటి ఏడాది కోర్సులను కలిపి ఇవ్వడం ఏసాప్‌లోనూ ఉంది. కానీ దానికి తోడు డబ్బు సాయం, అడ్వైజర్, ఫుల్‌టైమ్ నియమం అన్నీ ఉన్నాయి.

అంటే లింక్డ్ కోర్సులు పనికిరావని కాదు. షాపు నుంచి క్లాసుకు, క్లాసు నుంచి ఇంటికి పరుగెత్తే పిల్లకు కాలేజీలో ఒక్క స్నేహితురాలు కూడా ఉండదు. మూడు క్లాసుల్లోనూ అవే ముఖాలు కనబడితే నోట్సు అడగడానికి ఒకరుంటారు. ఎకనామిక్స్‌లో చదివిన ధరల సిద్ధాంతం మీద ఇంగ్లిష్ క్లాసులో వ్యాసం రాస్తే రెండూ బుర్రకెక్కుతాయి. అది నిజమైన లాభమే, నేను తక్కువ చేయను. కాకపోతే ఆ లాభం కోసం డబ్బు పరంగా ఏమేం చూసుకోవాలో చెబుతాను.

ఫీజు లెక్క చూడండి. క్యూనీ కమ్యూనిటీ కాలేజీల్లో న్యూయార్క్ వాసులకు పార్ట్‌టైమ్ అయితే క్రెడిట్‌కు 210 డాలర్లు. 12 క్రెడిట్లు, ఆపైన అయితే సెమిస్టర్‌కు ఒకటే రేటు, 2,400. మీరు 12 తీసుకున్నా 14 తీసుకున్నా 16 తీసుకున్నా అంతే. 18 దాటితేనే అదనపు రుసుము ఉంటుంది. ఇది హోటల్లో ఫుల్ మీల్స్ లాంటిది. టికెట్ కొన్నాక ఎంత వడ్డించుకున్నా ధర మారదు. మీ అమ్మాయి 60 క్రెడిట్ల డిగ్రీకి ఇంకా 46 చేయాలి. ఇప్పటిలా ఏడేసి చొప్పున వెళ్తే ఏడు సెమిస్టర్లు, మూడున్నరేళ్లు, ట్యూషన్ 9,660. పద్నాలుగేసి చొప్పున మూడు సెమిస్టర్లు చదివి, మిగిలిన 4 క్రెడిట్లు వింటర్‌లోనో ఆ తర్వాతో విడిగా చేస్తే 7,200 ప్లస్ 840, అంటే 8,040. సెమిస్టర్ సెమిస్టర్‌కూ కట్టే టెక్నాలజీ, యాక్టివిటీ ఫీజులు ఇందులో కలపలేదు. అవి కూడా ఎన్ని సెమిస్టర్లు సాగితే అన్నిసార్లు పడతాయి. నిదానంగా చదవడం చవక అని చాలా ఇళ్లలో అనుకుంటారు. ఇక్కడ అది నిజం కాదు.

అసలు ఖర్చు పని గంటల్లో ఉంది. వారానికి 10 గంటలు తగ్గిస్తే, న్యూయార్క్ నగరంలో కనీస వేతనం గంటకు 17 డాలర్ల లెక్కన 15 వారాల సెమిస్టర్‌కు 2,550 డాలర్లు పోతాయి. మూడు సెమిస్టర్లకు 7,650. ట్యూషన్‌లో మిగిలే 1,620 దీన్ని పూడ్చదు. కానీ దాదాపు రెండేళ్లు ముందుగా నాలుగేళ్ల కాలేజీకి మారుతుంది, డిగ్రీ ఉద్యోగంలోకి కూడా అంతే ముందుగా చేరుతుంది. మందుల షాపు జీతానికీ అకౌంటింగ్ ఉద్యోగం మొదటి జీతానికీ ఉన్న తేడాతో పోలిస్తే ఈ 7,650 చిన్న మొత్తమే.

ఇప్పుడు సాయం సంగతి. "మా ఆదాయానికి రాదు" అని మీరు ముందే తేల్చేసుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రం ఇచ్చే ట్యూషన్ సాయమైన ట్యాప్‌కు తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థి విషయంలో నికర పన్ను ఆదాయ పరిమితిని 2024లో 1,25,000 డాలర్లకు పెంచారు. మీది దానికి చాలా కిందే. అర్హత ఉన్న ఫుల్‌టైమ్ విద్యార్థికి ఏడాదికి కనీసం 1,000 వస్తుంది. తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ పెల్ గ్రాంట్ ఎంత వస్తుందన్నది కుటుంబ సభ్యుల సంఖ్య, ఆదాయం బట్టి ఫాఫ్సా (ఫెడరల్ విద్యా సాయానికి పెట్టే దరఖాస్తు) తేలుస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు రెండింటికీ అప్లై చేయవచ్చు. ఏసాప్ మాఫీ కూడా ఈ సాయం వచ్చినవాళ్లకే కాబట్టి ఫాఫ్సా, ట్యాప్ దరఖాస్తులు ఈ వారాంతంలోనే పూర్తిచేయండి.

ఇక్కడే లింక్డ్ కోర్సుల్లో ఒక మెలిక ఉంది. ట్యాప్‌కు 12 క్రెడిట్లు అంటే ఏవో 12 కాదు, ఆమె డిగ్రీకి లెక్కలోకి వచ్చే 12. అడ్వైజర్ చెప్పిన ప్లాన్ సరిగ్గా 12 దగ్గర ఆగింది. అందులో 1 క్రెడిట్ సెమినార్ బిజినెస్ డిగ్రీకి లెక్కలోకి రాకపోతే మిగిలేవి 11. కాలేజీ దృష్టిలో ఫుల్‌టైమే, బిల్లు 2,400 వస్తుంది, కానీ ట్యాప్ లెక్కలో ఫుల్‌టైమ్ కాదు. కాబట్టి ఆ చివరి 1 క్రెడిట్ కోర్సు బదులు డిగ్రీకి పనికొచ్చే 3 క్రెడిట్ల కోర్సు పెట్టుకోమనండి. మొత్తం 14 అవుతుంది, సెమినార్ తీసేసినా 13 ఉంటాయి. ఫీజు పైసా పెరగదు.

పన్ను విషయంలో కూడా ఫుల్‌టైమ్ వల్ల మీకు మేలుంది, ఇది చాలామందికి తెలియదు. ఏడాది చివరికి 19 నిండిన పిల్లను, సొంత సంపాదన ఉన్నప్పుడు, మీ రిటర్నులో డిపెండెంట్‌గా చూపాలంటే ఆమె ఏడాదిలో ఐదు నెలల్లో ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉండాలి, వయసు 24 లోపు ఉండాలి. నెలంతా చదవక్కర్లేదు, నెలలో కొంత భాగం చాలు. ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలైతే ఆగస్టు నుంచి డిసెంబరు వరకు సరిగ్గా ఐదు నెలలు. ఈ ఫాల్‌లో ఫుల్‌టైమ్ అయితే ఈ ఏడాది ఆమె మీ డిపెండెంట్. లేకపోతే వారానికి 25 గంటల జీతం ఉన్న ఆమెను చూపించడం కుదరదు. నిరుటి రిటర్నులో చూపించి ఉంటే, అప్పుడు ఈ షరతు నెరవేరిందో లేదో మీ అకౌంటెంటును అడగండి.

డిపెండెంట్ అయితే చదువు ఖర్చు మీద పన్నులో ఇచ్చే తగ్గింపు, అమెరికన్ ఆపర్చునిటీ ట్యాక్స్ క్రెడిట్, మీకు వస్తుంది. ట్యూషన్, పుస్తకాల మీద మొదటి 2,000కు పూర్తిగా, తర్వాతి 2,000కు నాలుగో వంతు, మొత్తం 2,500 వరకు. జంటగా ఫైల్ చేసేవాళ్లకు ఆదాయం 1,60,000 లోపు ఉంటే పూర్తిగా వర్తిస్తుంది. ఈ ఏడాది స్ప్రింగ్‌లో కట్టిన 1,470, ఫాల్‌లో కట్టబోయే 2,400, పుస్తకాలు కలిపితే 4,000 దగ్గరకు వస్తుంది. ట్యాప్, పెల్ డబ్బుతో కట్టిన భాగాన్ని మాత్రం తీసేసి లెక్క వేయాలి. ఆమె సొంత రిటర్నులో వాడుకుంటే, కట్టే పన్నే తక్కువ కాబట్టి, సాధారణంగా అంత రాదు. ఈ పన్ను క్రెడిట్ ఒక్కో విద్యార్థికి నాలుగు సంవత్సరాలే. ఖర్చు తక్కువైన ఏడాదిలో వాడేయకుండా, ఫీజు ఎక్కువుండే నాలుగేళ్ల కాలేజీ సంవత్సరాలకు కొన్ని మిగిల్చుకోండి.

బదిలీ సంగతి కూడా అడ్వైజర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. క్యూనీలో 2013 నుంచి పాత్‌వేస్ అనే బదిలీ పద్ధతి ఉంది. అందరూ చేయాల్సిన 30 క్రెడిట్ల కామన్ కోర్‌లో చేసిన కోర్సు ఏ క్యూనీ కాలేజీకి వెళ్లినా చెల్లుతుంది. ఈ లింక్‌లోని ఇంగ్లిష్ అందులో ఉందా, మైక్రో ఎకనామిక్స్ మేజర్‌లో లెక్క అవుతుందా, సెమినార్ ఎక్కడ పడుతుంది అని మూడూ విడివిడిగా అడగమనండి. క్యూనీవే అయిన క్వీన్స్ కాలేజీకో బారూక్ కాలేజీకో వెళ్లాలనుకుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ప్రైవేటు యూనివర్సిటీ ఆలోచన ఉంటే ముందు వాళ్ల బదిలీ ఆఫీసునే అడగాలి. లెక్కలోకి రాని 3 క్రెడిట్ల కోర్సును క్యూనీ సీనియర్ కాలేజీలో మళ్లీ చేయాలంటే పార్ట్‌టైమ్ రేటులో క్రెడిట్‌కు 305 డాలర్లు.

నాకున్న ఒక్క టెన్షన్ మధ్యలో మానేయడం గురించి. లింక్‌లో ఒక కోర్సు వదిలితే మామూలుగా మిగతావీ వదలాల్సి వస్తుంది. క్లాసులు మొదలయ్యే ముందే వదిలితే డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. తర్వాత దాదాపు మూడు వారాల్లో 75, 50, 25 శాతం అంటూ తగ్గి సున్నా అవుతుంది. ఎకనామిక్స్ కష్టంగా ఉందని అక్టోబరులో వదిలితే 14 క్రెడిట్లు 7కి పడిపోతాయి, డబ్బు తిరిగి రాదు, ట్యాప్, పెల్ అర్హతకూ దెబ్బ తగులుతుంది. అందుకే మొదటి పది రోజుల్లో సిలబస్‌లు, పరీక్ష తేదీలు, షాపు షిఫ్టులు ముగ్గురూ కూర్చుని చూసుకోండి. కుదరదనిపిస్తే అప్పుడే వదిలేయాలి.

చివరగా 14,000 సంగతి. అందులో 10,000 ముట్టుకోవద్దు, అది మీ ఇంటికి ఆపద కోసం. ఫాల్ బిల్లు రావడానికి ముందు సాయం తేలకపోతే కాలేజీ వాయిదాల పద్ధతి తీసుకోండి. చిన్న నమోదు రుసుము ఉంటుంది, క్రెడిట్ కార్డు వడ్డీ కంటే ఎన్నో రెట్లు నయం. మీ అమ్మాయి ఉద్యోగం పూర్తిగా మానొద్దు, 25 గంటలను 15కి తగ్గించమనండి. ఆ 15 గంటల జీతంలో ఇంటికి ఇవ్వాలని ఆమె మీద పెట్టిన భారం ఏదైనా ఉంటే, ఈ మూడు సెమిస్టర్లు మీరు తీసుకోండి.